బార్ పరీక్ష రెండు రోజులు: దేనికి భయపడాలి, దేనికి అక్కర్లేదు

ప్రశ్న: మేడమ్, నేను ఇండియాలో ఎల్‌ఎల్‌బీ చేసి, పెళ్ళయ్యాక అమెరికా వచ్చి ఇక్కడ ఎల్‌ఎల్‌ఎం పూర్తి చేశాను. ఈ జులైలో న్యూయార్క్ బార్ పరీక్ష రాయబోతున్నాను. చదువు ఏదో నడుస్తోంది కానీ ఆ రెండు రోజులు తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది. పరీక్ష కేంద్రం మా ఇంటికి మూడు గంటల దూరం. అక్కడికి నలభై నిమిషాల దూరంలో మా పిన్ని కూతురు ఉంటుంది. "మా ఇల్లుండగా హోటల్ ఏమిటి?" అంటోంది. మా వారేమో పాపను తీసుకుని నాతోపాటే హోటల్‌కి వస్తానంటున్నారు. పాపకి పద్నాలుగు నెలలు, ఇంకా నా పాలే తాగుతోంది. ల్యాప్‌టాప్ మధ్యలో ఆగిపోతే ఏం చేయాలి? లోపలికి ఏమేం తీసుకెళ్ళనిస్తారు? మధ్యాహ్నం తిండి సంగతేమిటి? ముందురోజు రాత్రి నిద్ర పట్టకపోతే? ఫ్రెండ్స్ ఒక్కొక్కరూ ఒక్కో మాట చెబుతున్నారు. మీరే ఒక చెక్‌లిస్ట్ రాసి పంపగలరా?
- ఒక పాఠకురాలు

సమాధానం: మీ భయాలన్నిటినీ ఒకే వరసలో నిలబెట్టారు. ల్యాప్‌టాప్ ఆగిపోవడం, నిద్ర పట్టకపోవడం, పిన్ని కూతురు నొచ్చుకోవడం, అన్నీ పక్కపక్కనే ఉన్నాయి. ముందు వాటిని రెండుగా విడదీద్దాం. కొన్ని తప్పులు జరిగితే మిమ్మల్ని హాల్లోకి రానివ్వరు, లేదా మీరు రాసింది లెక్కలోకి రాదు. మిగతావి ఎంత చికాకు పెట్టినా మీరు పరీక్ష రాయగలరు, పాస్ కూడా కాగలరు. మొదటి రకంలోకి వచ్చేవి నాలుగే: గుర్తింపు కార్డు మీద పేరు, హాల్లోకి తేకూడని వస్తువులు, ల్యాప్‌టాప్‌లో ఉండే జవాబుల ఫైలు, ఆలస్యం. నిద్ర, తిండి, గదిలో చలి, పక్క సీట్లో దగ్గు ఇవన్నీ రెండో రకం. మీ ఉత్తరంలో ఎక్కువ భాగం రెండో రకానికే పోయింది. పేరు గురించి అసలు అడగనే లేదు. మనవాళ్ళకు ఎక్కువగా తల బొప్పి కట్టేది అక్కడే.

చెక్‌లిస్ట్ మాత్రం పంపను. అమెరికాలో ప్రశ్నలు తయారుచేసేది ఎన్‌సీబీఈ అనే జాతీయ సంస్థే అయినా, పరీక్ష పెట్టేది, నిబంధనలు రాసేది, లాయర్‌గా పనిచేసేందుకు లైసెన్స్ ఇచ్చేది ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే. ఒకచోట చేతి గడియారం పెట్టుకోనిస్తారు, ఇంకోచోట గుమ్మం దగ్గరే తీయించేస్తారు. వర్జీనియాలో కోర్టుకు వెళ్ళేటప్పటిలా కోటు వేసుకుని, నడిస్తే చప్పుడు కాని బూట్లతో రమ్మనే నియమం ఎన్నో ఏళ్ళుగా పేరుమోసింది. మిగతా చోట్ల నైట్ ప్యాంటుతో వచ్చి రాసేవాళ్ళు కూడా కనిపిస్తారు. మీ ఫ్రెండ్స్ తలా ఒక మాట చెప్పడానికి కారణం ఇదే. ఎవరి మాటా అబద్ధం కాదు, ఎవరి రాష్ట్రం గురించి వాళ్ళు చెబుతున్నారు. పైగా నిబంధనలు ఒక్కోసారి ఒక పరీక్షకూ తర్వాతి పరీక్షకూ మధ్యలోనే మారిపోతాయి. కాబట్టి మీ చెక్‌లిస్ట్ మీ రాష్ట్రంలో ఈ పరీక్ష పెట్టే బోర్డు పంపే సూచనల పత్రంలోనే ఉంది. దాన్ని ప్రింట్ తీసి, ‘తప్పనిసరి’, ‘నిషేధం’ అనే మాటలు కనిపించిన ప్రతిచోటా గీత గీసుకోండి. ఫోన్లో చదివితే కళ్ళు జారిపోతాయి.

ఇంకో మాట. మీరు రాసేది రెండు రోజుల పరీక్ష. ఫిబ్రవరిలోనూ జులైలోనూ చివరి మంగళ, బుధవారాల్లో జరుగుతుంది. మంగళవారం ఆరు వ్యాసాలు, తొంభై నిమిషాల పెర్ఫార్మెన్స్ టెస్టులు (ఇచ్చిన కాగితాలు చదివి లాయరు పని చేసి చూపించేవి) రెండు ఉంటాయి. బుధవారం 200 ఆబ్జెక్టివ్ ప్రశ్నలు. పొద్దున మూడు గంటల్లో వంద, మధ్యాహ్నం మూడు గంటల్లో మరో వంద. మొదటి రోజు మీ ల్యాప్‌టాప్ మీద టైప్ చేస్తారు, రెండో రోజు కాగితం మీద పెన్సిల్‌తో గళ్ళు నింపుతారు. అంటే రెండు రోజులకూ మోసుకెళ్ళే సరంజామా వేరు, పడే ఇబ్బందులు వేరు. ఇదంతా మారే దశలో ఉంది కూడా. 2026 జులై నుంచి మేరీలాండ్, మిసోరి, ఓరెగాన్, వాషింగ్టన్ లాంటి కొన్నిచోట్ల నెక్స్ట్‌జెన్ అనే కొత్త పరీక్ష. అది ఒకటిన్నర రోజుల్లో, మొత్తం ల్యాప్‌టాప్ మీదే అయిపోతుంది. న్యూయార్క్ 2028 జులై నుంచి అందులోకి మారతానని ప్రకటించింది. అందుకే మేరీలాండ్‌లో రాసే స్నేహితురాలు "పెన్సిళ్ళు ఎందుకే?" అంటే నవ్వి ఊరుకోండి.

ఇక పేరు సంగతి. మన సర్టిఫికెట్ల మీద ఇంటిపేరు ముందు ఒక పొడి అక్షరంగా ఉంటుంది. పాస్‌పోర్ట్‌లో అదే ఇంటిపేరు పూర్తిగా విడిపోయి సర్‌నేమ్ గడిలోకి వెళుతుంది. మన పేరులోని ‘వెంకట’, ‘లక్ష్మి’ ఇక్కడి డ్రైవింగ్ లైసెన్స్ మీద మిడిల్ నేమ్ అయిపోతాయి, లేదా చోటు చాలక సగంలో తెగిపోతాయి. పెళ్ళయ్యాక కొందరికి ఒక కాగితంలో పుట్టింటి పేరు, మరో కాగితంలో అత్తింటి పేరు ఉంటాయి. పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్నవాళ్ళ పాట్లు చెప్పనే అక్కర్లేదు. గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషికి ఈ కథలేవీ తెలియవు. అడ్మిషన్ టికెట్ మీద ఉన్న పేరు, ఫోటో ఉన్న గుర్తింపు కార్డు మీద పేరు కలిశాయా లేదా అన్నదే చూస్తారు.

ఈ ఉత్తరం చదివిన రోజే మీ పాస్‌పోర్ట్, డ్రైవింగ్ లైసెన్స్, బోర్డు వెబ్‌సైట్‌లో మీరు దరఖాస్తు పెట్టిన పేరు మూడూ టేబుల్ మీద పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. తేడా ఉంటే వెంటనే బోర్డుకు రాసి, ఏ కార్డు తెస్తే సరిపోతుందో రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. జూన్‌లో ఒక ఈమెయిల్‌తో తేలిపోయే పని ఇది. పరీక్ష రోజు పొద్దున మ్యారేజ్ సర్టిఫికెట్ చూపించి నచ్చజెప్పుకోవచ్చులే అనుకోవద్దు. గడువు తేదీలు కూడా చూడండి. వీసా మీద ఉన్నవాళ్ళకి చాలా రాష్ట్రాల్లో లైసెన్స్ గడువు వీసా కాగితాల గడువుతో ముడిపడి ఉంటుంది, చూసుకోకుండానే అయిపోతుంది. పాస్‌పోర్ట్ రెన్యువల్‌కి పంపాలనుకుంటే పరీక్ష అయ్యాక పంపండి. ఫోన్లో ఉన్న స్కాన్ కాపీ పనికిరాదు, ఫోనే లోపలికి రాదు కదా.

ల్యాప్‌టాప్ విషయంలో మీకున్న భయం న్యాయమైనదే, కానీ మీరు ఊహించుకుంటున్నంత నష్టం జరగదు. బోర్డు చెప్పిన పరీక్ష సాఫ్ట్‌వేర్‌ను మీరే ముందుగా ఎక్కించుకోవాలి, రిజిస్టర్ చేసుకోవాలి, ఇచ్చిన గడువులోగా మాక్ పరీక్ష ఒకటి రాసి పంపాలి. ఈ గడువు దాటిపోతే ల్యాప్‌టాప్ మీద రాసే అవకాశమే పోయి, చేత్తో రాయాల్సి రావచ్చు. ఈ గడువులను చదువు టైమ్‌టేబుల్‌లోనే రాసి పెట్టుకోండి. మాక్ పరీక్షను ఒక్కసారితో సరిపెట్టకండి. మీరు పరీక్షకు తీసుకెళ్ళే ల్యాప్‌టాప్ మీదే, అదే ఛార్జర్‌తో, వైఫై ఆపేసి మూడు గంటలు పూర్తిగా టైప్ చేసి చూడండి. బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో, మీకు తెలియకుండా ఏ కీ పట్టేస్తోందో అప్పుడే బయటపడుతుంది.

ఆఫీసు వాళ్ళిచ్చిన ల్యాప్‌టాప్ వాడొద్దు. అందులో కంపెనీ పెట్టిన సెక్యూరిటీ ప్రోగ్రాములకూ పరీక్ష సాఫ్ట్‌వేర్‌కూ పడదు, వాటిని తీసేసే అధికారం మీకుండదు. ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్లు వాటంతటవే ఎక్కకుండా ఆపేయండి. పరీక్షకు పది రోజుల ముందు నుంచి ఆ ల్యాప్‌టాప్‌లో కొత్తదేమీ ఎక్కించొద్దు. మీ వారు సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తుంటే "ఒకసారి ఇవ్వు, క్లీన్ చేసి పెడతాను" అంటారు. ఇవ్వకండి.

ఇంతా చేశాక కూడా మంగళవారం మధ్యలో తెర నల్లబడిందనుకోండి. వెంటనే చెయ్యెత్తి ఇన్విజిలేటర్‌ను పిలవండి. మీరే అయిదు నిమిషాలు కుస్తీ పట్టొద్దు, గడియారం మీ కోసం ఆగదు. ఈ సాఫ్ట్‌వేర్ మీరు రాస్తున్నది ఎప్పటికప్పుడు దానంతటదే దాచుకుంటుంది, కాబట్టి రీస్టార్ట్ చేస్తే చాలాసార్లు ఆపిన చోటి నుంచే తెరుచుకుంటుంది. తెరుచుకోకపోతే జవాబు పుస్తకం తీసుకుని మిగిలింది చేత్తో రాయాలి, సాధారణంగా అదనపు సమయం ఇవ్వరు. అందుకే చదివే రోజుల్లోనే ఒకటి రెండు వ్యాసాలు చేత్తో రాసి చూడండి. కీబోర్డుకు అలవాటుపడ్డ వేళ్ళు అరగంట పెన్ను పట్టుకుంటే ఎలా నొప్పి పెడతాయో ముందే తెలిస్తే ఆ క్షణంలో కంగారుండదు.

ఫైలు పంపడం గురించి కూడా చెప్పాలి. 2014 జులైలో మొదటి రోజు సాయంత్రం దేశవ్యాప్తంగా చాలా రాష్ట్రాల్లో వేలమంది జవాబులు అప్‌లోడ్ కాక రాత్రి పొద్దుపోయేదాకా హోటల్ గదుల్లో ల్యాప్‌టాప్‌ల ముందు కూర్చున్నారు. మర్నాడు ఆబ్జెక్టివ్ పరీక్ష పెట్టుకుని! చివరికి రాష్ట్రాలు గడువు పెంచాయి. ఆ సాఫ్ట్‌వేర్ సంస్థ మీద కేసు పడి, 2015లో 21 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. గుర్తుంచుకోవాల్సిందేమిటంటే, పరీక్ష సమయం ముగిసేసరికి ఫైలు మూతపడి మీ ల్యాప్‌టాప్‌లోనే భద్రంగా ఉంటుంది, పంపడం ఒక్కటే మిగులుతుంది. గడువు ఎప్పటిదాకా అన్నది బోర్డు పత్రంలో ఉంటుంది. హోటల్ వైఫై మొరాయిస్తే మీ ఫోన్ హాట్‌స్పాట్‌తో పంపండి. అందినట్టు నిర్ధారణ వచ్చాక దాన్ని ఫోటో తీసుకోండి. ఫలితాలు వచ్చేదాకా ఆ ల్యాప్‌టాప్‌ను ఫార్మాట్ చేయొద్దు, సాఫ్ట్‌వేర్ తీసేయొద్దు, అమ్మేయొద్దు.

లోపలికి తేకూడని వస్తువుల పట్టిక ప్రతిచోటా పొడుగ్గానే ఉంటుంది. ఫోను, స్మార్ట్‌వాచ్, ఇయర్‌బడ్స్, నోట్సు, హ్యాండ్‌బ్యాగులు మామూలుగా ఎక్కడా కుదరవు. ఫోను స్విచాఫ్ చేసి జేబులో పెట్టుకున్నా ఉల్లంఘనే. దొరికితే నివేదిక రాస్తారు, కొన్నిచోట్ల రాసిన పరీక్షే చెల్లకుండా పోవచ్చు. ఇది హాలు దాకానే ఆగదు. లైసెన్స్ ఇచ్చేముందు మీ నడవడిక మీద విడిగా విచారణ ఉంటుంది కదా, ఆ ఫైలులోకి కూడా ఈ నివేదిక చేరొచ్చు. కాబట్టి ఫోనును హోటల్ గదిలోనో కారులోనో వదిలేసి రావడమే మేలు. ఇంకా మనం తప్పుగా భావించని వస్తువులు కొన్ని ఉంటాయి. హుడ్ ఉన్న జాకెట్‌ను చాలాచోట్ల రానివ్వరు. ఇలాంటి హాళ్ళలో ఏసీ జులైలో కూడా వణికిస్తుంది, కాబట్టి టోపీ లేని పల్చటి స్వెట్టర్ ఒకటి పెట్టుకోండి. చేతికి గాజులుంటే ఆ రెండు రోజులు తీసేయండి. నిబంధనకు కాదు, టైప్ చేస్తున్నంతసేపూ ల్యాప్‌టాప్‌కు తగిలి మీకూ పక్కవాళ్ళకూ చిరాకు. మాత్రలు, శానిటరీ ప్యాడ్లు మామూలుగా పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో పెట్టుకోనిస్తారు. మాత్రలను సీసాతో తేవచ్చా, విడిగా తేవాలా అన్నది మీ బోర్డు పత్రంలో చూడండి.

పాప పాల సంగతి వీటన్నిటికన్నా ముందు తేల్చుకోవాలి. మూడేసి గంటల సెషన్లు, మధ్యలో ఒక విరామం. పాలు పిండుకోవడానికి చోటు, కాస్త అదనపు విరామం కావాలంటే బోర్డును ముందుగా అర్జీ పెట్టి అడగాలి. దానికి గడువుంటుంది, డాక్టర్ రాసిచ్చిన కాగితం కూడా అడగొచ్చు. పరీక్ష రోజు ఇన్విజిలేటర్‌ను బతిమాలితే ఆమె చేతిలో ఏమీ ఉండదు. బ్రెస్ట్ పంప్ కూడా అనుమతి లేకుండా లోపలికి రాకపోవచ్చు. గడువు దాటిపోయిందేమోనన్న అనుమానంతో ఆగిపోకుండా ఈరోజే రాయండి. పద్నాలుగు నెలల పాప కాబట్టి పగటిపూట పాలు క్రమంగా తగ్గించే వీలుంది. అలా చేయాలనుకుంటే మీ డాక్టరును అడిగి ఇప్పుడే మొదలుపెట్టండి. పరీక్ష వారంలో ఒక్కసారిగా మానేస్తే రొమ్ములు గట్టిపడి, నొప్పి, జ్వరం రావచ్చు. ఆ బాధతో ఎవరూ వ్యాసాలు రాయలేరు.

ఇప్పుడు ఎక్కడ ఉండాలన్నది. నా మాట సూటిగా చెబుతాను, పిన్ని కూతురింటికి వెళ్ళొద్దు. ఆవిడ ప్రేమను శంకించడం లేదు. ఆ ప్రేమే ఇబ్బంది. మీరు వస్తున్నారంటే ఆవిడ నాలుగు కూరలు చేస్తుంది, పిల్లలు మీ చుట్టూ చేరతారు, రాత్రి పదిన్నరకు ఇండియా నుంచి పిన్ని వీడియో కాల్ చేస్తుంది. మీరు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటే బాగుండదని కూర్చుంటారు. పొద్దున నలభై నిమిషాల ప్రయాణం ట్రాఫిక్‌లో ఎంతవుతుందో ఎవరూ చెప్పలేరు. ఆలస్యం నేను చెప్పిన మొదటి రకంలోది, ఒక సమయం దాటాక తలుపు వేసేస్తారు. ఆవిడకు ఇలా చెప్పండి: "అక్కా, పరీక్ష హాలు పక్కనే ఉండాలని మా వాళ్ళు గట్టిగా చెప్పారు. బుధవారం సాయంత్రం పరీక్ష అవగానే నేరుగా నీ దగ్గరికే వస్తాను, ఆ రాత్రి అక్కడే." ఆవిడ నాలుగు కూరలూ బుధవారం రాత్రి చేస్తుంది, మీరూ తృప్తిగా తింటారు.

మీ వారు, పాప హోటల్‌కి రావచ్చు, కానీ వేరే గదిలో. ఖర్చు ఎక్కువే. పెట్టలేకపోతే వాళ్ళిద్దరూ ఇంట్లోనే ఉండడం మంచిది. ఒకే గదిలో పద్నాలుగు నెలల పాపతో రాత్రి రెండింటికి లేచి, మర్నాడు 200 ప్రశ్నలు చేయడం ఎందుకు? మీ వారు రాకపోతే మీరొక్కరే మూడు గంటలు కారు నడుపుకుని వెళ్ళాలి కదా అంటారేమో. సోమవారం పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నానికి చేరతారు, సాయంత్రమంతా విశ్రాంతి. సోమ, మంగళ రెండు రాత్రులకూ గది కావాలి. కేంద్రం ఖరారయ్యాక పక్క హోటళ్ళు గంటల్లో నిండిపోతాయి కాబట్టి రద్దు చేసుకోగలిగే గదిని ముందే పట్టుకోవడం తెలివైన పని. నడిచి వెళ్ళగలిగే దూరం అయితే ఎంత ఖరీదైనా అదే తీసుకోమంటాను. మిగతా ఖర్చుల్లో పొదుపు చేయండి. లిఫ్టుకు, ఐస్ యంత్రానికి దూరంగా గది ఇమ్మని అడగండి.

సోమవారం సాయంత్రం ఒకసారి కేంద్రం దాకా నడిచి వెళ్ళి ఏ తలుపు తెరుస్తారో, కారైతే ఎక్కడ ఆపాలో చూసి రండి. ఈ కేంద్రాలు పెద్ద పెద్ద భవనాలు, ఒకే భవనంలో వేర్వేరు గుమ్మాలుంటాయి. టికెట్ మీద ఉన్న రిపోర్టింగ్ సమయానికి కాస్త ముందే అక్కడ ఉండాలి. పరీక్ష మొదలయ్యే సమయం వేరు, మిమ్మల్ని రమ్మన్న సమయం వేరు. చాలామంది తికమక పడేది ఇక్కడే. చాలామంది మర్చిపోయే ఇంకో సంగతి, బుధవారం పొద్దున గది ఖాళీ చేయాలి. చెక్‌అవుట్ వేళకు మీరు పరీక్షలో ఉంటారు. సూట్‌కేసు హాల్లోకి రాదు. కాబట్టి మంగళవారం సాయంత్రమే సర్దేసుకుని, బుధవారం పొద్దున పెట్టెను కారులో పెట్టండి, లేదా హోటల్ రిసెప్షన్‌లో అప్పజెప్పండి.

మధ్యాహ్నం తిండికి ఎక్కువ ఆలోచన అక్కర్లేదు. వందల మంది ఒకేసారి బయటకొస్తారు, చుట్టుపక్కల హోటళ్ళన్నిటి ముందూ బారులు తీరతాయి. రోజూ తినేదే ఏదైనా చల్లగా తినగలిగేది డబ్బాలో పెట్టుకుని, బోర్డు లోపలికి ఒప్పుకోకపోతే గదిలోనో కారులోనో ఉంచుకోండి. కడుపు నిండా తిని మధ్యాహ్నం మూడు గంటలు కూర్చోవడం కష్టం. బాత్రూముకు వెళ్ళినంతసేపూ సమయం పోతూనే ఉంటుంది. విరామం చివర్లో అందరూ వెళతారు కాబట్టి వరసలో నిలబడాలి, మీరు మొదట్లోనే వెళ్ళి రండి.

తిండికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది ఆ గంటలో వినే మాటల దగ్గర. "మూడో ప్రశ్నలో కాంట్రాక్టు పాయింటు రాశావా?" అని ఎవరో అడుగుతారు. మీరు రాయలేదు. నిజంగా ఆ పాయింటు ఉందో లేదో అడిగినవాళ్ళకూ తెలియదు. కానీ మధ్యాహ్నం సెషనంతా మీ మనసు ఆ కాంట్రాక్టు చుట్టూనే తిరుగుతుంది. నవ్వి పక్కకు నడిచి వెళ్ళండి. మన వాట్సాప్ గ్రూపుల సంగతి ఇంకా జాగ్రత్త. మంగళవారం సాయంత్రానికే కుటుంబం గ్రూపులో "ఏమడిగారు, ఎలా రాశావు?" అని మొదలవుతుంది. ఎల్‌ఎల్‌ఎం ఫ్రెండ్స్ గ్రూపులో అయితే ప్రశ్నలే పంచుకుంటారు. బుధవారం వచ్చే ఆబ్జెక్టివ్ ప్రశ్నలు రహస్యం, వాటిని బయటపెట్టకూడదన్న నిబంధనకు మీరు ఒప్పుకున్నాకే పరీక్ష రాస్తారు. గ్రూపులో ఒక ప్రశ్న గుర్తుచేసుకుని టైప్ చేసినా అది ఉల్లంఘనే. మార్కులు పోవచ్చు, నడవడిక విచారణలో జవాబు చెప్పుకోవాల్సి రావచ్చు. ఆదివారం రాత్రే అన్ని గ్రూపులనూ మ్యూట్ చేసి, ఇంట్లోవాళ్ళకు "బుధవారం రాత్రి నేనే ఫోన్ చేస్తాను" అని చెప్పేయండి.

బుధవారం ప్రశ్నల్లో తప్పు జవాబుకు మార్కు కోత లేదు. లెక్కలోకి వచ్చేవి 175, మిగతా 25 ముందు ముందు వాడేందుకు పరీక్షించే ప్రశ్నలు, అవి ఏవన్నది మీకు తెలిసే వీలు లేదు. ఒక్కో ప్రశ్నకు సగటున 1 నిమిషం 48 సెకన్లు దక్కుతుంది. గంటకు 34 ప్రశ్నల చొప్పున చూసుకుంటే సరిపోతుంది. గళ్ళు ఎప్పటికప్పుడు నింపండి. చివర్లో ఒకేసారి నింపుదామని పుస్తకంలో టిక్కులు పెట్టుకున్నవాళ్ళకు సమయం అయిపోయాక ఒక్క గడి కూడా నింపనివ్వరు. ఏదైనా ప్రశ్న వదిలేసి ముందుకెళితే, పది ప్రశ్నలకొకసారి పుస్తకంలోని నంబరూ, కాగితం మీది నంబరూ కలుస్తున్నాయో లేదో చూసుకోండి. ఒక గడి జారితే కింద వరసంతా జారిపోతుంది.

ఫైర్ అలారం మోగింది, కరెంటు పోయింది, ప్రశ్నపత్రంలో పేజీ లేదు ఇలాంటివి జరిగితే అప్పటికప్పుడే ఇన్విజిలేటర్‌కు చెప్పి, గడియారం చూసి సమయం గుర్తుపెట్టుకోండి. హాలు వదిలే ముందు అది వాళ్ళ రికార్డులో రాశారా అని అడగండి. ఆ సాయంత్రమే బోర్డుకు ఈమెయిల్‌లో మూడు వాక్యాల్లో జరిగింది రాయండి: ఏం జరిగింది, ఎప్పుడు, ఎంతసేపు. ఫలితాలు వచ్చాక గుర్తుచేసుకుని రాస్తే ఎవరూ పట్టించుకోరు.

ఇక మీ చివరి ప్రశ్న, నిద్ర. సోమవారం రాత్రి చాలామందికి నిద్ర పట్టదు. దీపం ఆర్పి కళ్ళు మూసుకుని పడుకోండి, చాలు. ఎప్పుడూ వేసుకోని నిద్రమాత్ర ఆ రాత్రే మొదటిసారి వేసుకోవద్దు. ఆ వారం ముందు నుంచే రోజూ పరీక్ష వేళకు తగ్గట్టు లేవడం అలవాటు చేసుకోండి. సోమవారం రాత్రి ఫోన్లో ఒక అలారం పెట్టి, పొద్దున లేపమని రిసెప్షన్‌లో కూడా చెప్పండి.